పులిబొమ్మ రగ్గు

ఖాసింబీ ఉల్లిపాయలు కోస్తోంది గానీ, చూపంతా అట్టపెట్టె మీదే ఉంది. వంటింటి గుమ్మంలో కూర్చుని ఆమ్నా అందులో పాలపొడి, చక్కెర, పిండి, మందులు సర్దుతోంది. ఆమె దేశం సూడాన్‌లో యుద్ధం వచ్చాక బ్యాంకులు మూతబడ్డాయి. డబ్బు పంపితే చేతికందదు, అందినా సంచెడు నోట్లకు రొట్టె రాదు. అందుకే తల్లికి సరుకే పంపుతోంది. పెట్టె మూత మీద ఆ తల్లి పేరు అరబ్బీలో పెద్దగా రాసింది.

అన్నిటి పైన పులిబొమ్మ రగ్గు పెట్టింది. అది మేడమ్ ఇచ్చింది.

ఖాసింబీ కడుపు మండేది అక్కడే. మదీనత్ ఖలీఫాలోని ఈ అరబ్బుల ఇంట్లో పన్నెండేళ్లుగా వండుతోంది. మేడమ్ వాడి వదిలేసిన దుప్పట్లూ గౌన్లూ ఏటా తన పెట్టెలోనే సొంతూరు రాయచోటికి వెళ్లేవి. నిన్నగాక మొన్న పనికి వచ్చింది ఆమ్నా. ఇప్పుడు మేడమ్‌కు తన టీ కూడా రుచించడం లేదు, ఆమ్నా అల్లం కాఫీయే కావాలి. వచ్చిన చుట్టాలంతా మీ అమ్మ ఎలా ఉందని ఆమ్నానే అడుగుతారు. దేశం కూలితే అడుగుతారు. వానకు ఊళ్లో తన మిద్దె కూలినప్పుడు ఎవరూ అడగలేదు. తన అమ్మ పోయిన రోజు కూడా ఇంటినిండా అతిథులకు మజ్బూస్ పులావు వండి వడ్డించింది.

ఆమ్నా టేపు కోసం లేచింది. ఖాసింబీ గబగబా రగ్గు తీసుకెళ్లి తన మంచం కిందికి తోసి, వచ్చి మళ్లీ కత్తి పట్టుకుంది. ఆమ్నా పెట్టెలోకి చూసింది, ఖాసింబీని చూసింది, టేపు వేసింది.

డ్రైవర్ తిరుపాలు మోసుకుపోయిన పెట్టెను సాయంత్రం మళ్లీ తెచ్చి గోడవారగా పెట్టాడు.

"కార్గోవాళ్లు తీసుకోలేదక్కా. ఆ ఊరికి దారి మూసేసినారంట. పాపం, ఆయమ్మకెట్ల చెప్పేది?"

"నన్నెప్పుడన్నా పాపమంటివా నువ్వు?" అంది ఖాసింబీ.

చెప్పే పని పడలేదు. లోపల ఆమ్నా ఫోన్ పట్టుకుని నేల మీద కూలబడి ఉంది. తల్లి పోయిందట. ఆకలికో జ్వరానికో, ఫోన్ చేసినవాళ్లకే తెలియదు. మేడమ్ వచ్చి పక్కనే నేల మీద కూర్చుని ఆమెను ఒళ్లోకి తీసుకుంది. మేడమ్ నేల మీద కూర్చోవడం ఖాసింబీ ఎన్నడూ చూడలేదు. అప్పుడు కూడా ముందు కుళ్లే వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజయ్యాక ఆమ్నా కళ్లు తుడుచుకుని పెట్టె చూపించింది.

"మీ ఇంటికి పంపు, ఖాసింబీ," అంది, వాళ్లిద్దరికీ తెలిసిన వంటింటి అరబ్బీలో. "ఆ రగ్గు కూడా."

ఖాసింబీ మంచం కింది నుంచి రగ్గు తెచ్చింది. టేపు విప్పడానికి చెయ్యి రాలేదు. గోడవారగా పెట్టె, పెట్టె మీద మడత విప్పని పులి, పులి కింద సగమే కనిపిస్తున్న ఒక తల్లి పేరు.