మాస్టారికి తక్కువైన మూడు క్రెడిట్లు

మా నెబ్రాస్కా ఊళ్ళో హైస్కూలు పిల్లలకే కాలేజీ క్రెడిట్లొచ్చే రాజనీతిశాస్త్రం క్లాసు చెప్పే టీస్‌డేల్ మాస్టారు, మా షాపులో అరడజను నోటుపుస్తకాలు తీసుకున్నారు. ఈయనే మళ్ళీ చదువుకుంటున్నారేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆ క్లాసు చెప్పేవాళ్ళు పీజీలో అదే సబ్జెక్టులో పద్దెనిమిది క్రెడిట్ల కోర్సులు చదివి ఉండాలి. మా అమ్మాయి గ్రెటా ఆ క్లాసులోనే ఉంది.

"చెప్పడానికా మాస్టారూ, చదవడానికా?"

"రెండింటికీనమ్మా. నాకున్నవి పదిహేనే. ఇంకో కోర్సు చదివి మిగతా మూడూ మే లోపు పూర్తి చేయాలి."

"తప్పితే మా పిల్ల క్రెడిట్లు గాల్లో కలిసినట్టేనా?"

"దానివి పోవు. పోయేది నా క్లాసే." పిల్లల క్రెడిట్లకు ఢోకా లేదని క్రెడిట్లిచ్చే కాలేజీవాళ్ళు రాసిన ఉత్తరం జేబులోంచి తీశారు. "అడిగినవాళ్ళలో మీరు ఐదోవారు."

రెండుసార్లు చదివాను. అయినా అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. అవతలి ఆవిడ నిజమేనంది. ఆ తర్వాతే ఆయన నోటుపుస్తకాలు సంచిలో పెట్టాను.