నూట ముప్పై ఏడో ఓటు

మా బిల్డింగులో ఓట్లు నూట ముప్పై ఏడు. అన్నీ పడేదాకా నేను ఇంటికి పోవడానికి లేదు. నేను బడిలో భూగోళం చెప్పే మనిషిని. ప్రచారకుడివవుతావా అని నన్నెవరూ అడగలేదు, పేరు రాసేశారు. దేశ పార్లమెంటు సుప్రీం సోవియట్‌కి మా దగ్గర నిలబడ్డది ఒక్కావిడే, పాడి ఫారంలో పాలు పితికే మనిషి. పోస్టర్లు అచ్చయిన రోజే ఆవిడ గెలిచింది. అయినా ఒక్క ఓటు తగ్గితే అది నా మెడకే చుట్టుకుంటుంది.

నా ఆశ నాకుంది. మా గదిని వేడినీళ్లతో వెచ్చబెట్టే రేడియేటర్ చచ్చి నాలుగు చలికాలాలైంది. మా పాప ల్యూస్యా దగ్గి దగ్గి సగమైపోయింది. పదకొండు అర్జీలు పెట్టాను. ఇళ్ల ఆఫీసులో ఆ అర్జీలు చూసే జూబోవే ఈసారి పోలింగ్ అధికారి. మధ్యాహ్నం పన్నెండులోపు అన్ని ఓట్లూ వేయిస్తే కరుణిస్తాడనుకున్నాను.

పోలింగ్ హాల్లో, బజార్లో దొరకని కమలాపళ్లు అమ్ముతున్నారని తెలిసి పదకొండుకల్లా అందరూ వచ్చి వేసేశారు, మా పక్కగది కపితొలీనా మామ్మ తప్ప. వెళ్లి తలుపు కొట్టాను. ఇంట్లోనే ఓవర్‌కోటు వేసుకుని ఉంది.

"వెయ్యను పో."

"అదేంటి మామ్మగారూ!"

"రేడియేటర్ వెచ్చబడితే వేస్తా."

"దానికీ ఓటుకీ సంబంధమేంటండీ?"

"నాకేం తెలుసయ్యా? చదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

జూబోవ్‌కి చెబితే ముఖం పాలిపోయింది. ఎర్రగుడ్డ కప్పిన ఓట్ల పెట్టెను ఇద్దరి చేత మోయించుకుని తనే వచ్చాడు. మామ్మ దాని మీద టీ గ్లాసు పెట్టుకుంది.

"పెట్టె తెచ్చారు సరే, రేడియేటరేదీ?"

ఇరవై నిమిషాల్లో ముగ్గురు ప్లంబర్లు దిగారు. ఆదివారం నాడు, అదీ తాగకుండా! గోదాములో రేడియేటర్లు లేవట. పోలింగ్ హాల్లో అభ్యర్థి ఫోటో కిందున్నదే ఊడబీకి తెచ్చారు, ఎర్ర రిబ్బను కూడా విప్పలేదు. జూబోవ్ బకెట్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెట్టె వెంట వచ్చిన ఎన్నికల బ్యాండువాళ్లు మెట్ల మీద వాయిస్తూనే ఉన్నారు.

"వెచ్చబడింది మామ్మా, చూడు!" జూబోవ్ దానికి చెంప ఆనించి మరీ చెప్పాడు.

మామ్మ తాపీగా టీ తాగింది, గ్లాసు తీసింది, కాగితం పెట్టెలో వేసింది. పన్నెండుకి రెండు నిమిషాలుంది. జూబోవ్ నన్ను కౌగిలించుకున్నాడు.

ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. "సార్, గోడకి అవతలే మా గది. పైపూ ఇదే. పాప దగ్గుతోంది."

పెద్ద ప్లంబర్ రెంచి తీశాడు. "ఈ పైపు కలిపితే చాలు, ఐదు నిమిషాల పని సార్."

జూబోవ్ నా వైపు తిరిగాడు. "నువ్వు ఓటేశావా?"

"ఆరింటికే వేశాను సార్! బూత్‌లో మొదటి ఓటు నాదే."

"శభాష్," అన్నాడు జూబోవ్. ప్లంబర్ రెంచి సంచిలో పెట్టేసుకున్నాడు. పెట్టె ముందు, వాళ్లు వెనక, మెట్లు దిగి వెళ్లిపోయారు.

గుమ్మంలో నా భార్య రిమ్మా నిలబడి ఉంది. చంకలో శాలువా చుట్టిన ల్యూస్యా.

"రెండోది నాది," అంది. "నిద్ర లేపి మరీ వేయించావు."