ఎర్రచుక్క ఎక్కడ పడింది?

క్వారీలో మందు పేలింది. ఎస్తేరు ఇంటి కప్పుబండ విరిగి ఉయ్యాలలో పడింది. పాల కోసం ఏడ్చి తల్లి ఒళ్లోకి చేరింది కాబట్టి బిడ్డ బతికింది. నుజ్జయిన ఆ ఉయ్యాలను నేను కళ్లారా చూశాను.

తాడిపత్రి బండల ఫ్యాక్టరీల్లో ఒళ్లు హూనం చేసుకునే వాళ్లది మా కాలనీ. ఇళ్లకూ క్వారీకీ మధ్య యాభై మీటర్లుండాలని కాంట్రాక్టరుకిచ్చిన అనుమతిలోనే ఉంది. అంత లేదని మేం గొడవ చేస్తే కొలవడానికి ఆఫీసరు గొడుగు నీడన దిగాడు. మధ్యలో నీళ్లు నిండిన పాత గుంత ఉంది, టేపు లాగే దారి లేదు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు సురేంద్ర సబ్బుపెట్టెంత మిషను తీశాడు. మీట నొక్కితే ఎర్రటి వెలుగు పోయి దేనికి తగిలితే దాని దూరం అంకెల్లో చూపిస్తుందట.

గుంతకు అవతలి గట్టున నిలబడి ఎస్తేరు గోడకు గురిపెట్టాడు. అంకె రాలేదు. మా గోడలు ఫ్యాక్టరీలు పారేసిన పాలిష్ బండలతో కట్టినవి. నల్లగా, అద్దంలా ఉంటాయి.

"గోడ మరీ నున్నగుండాది సార్. వెలుగు నిలబడకుండా జారిపోతాంది" అన్నాడు సురేంద్ర.

"కొంచెం పక్కకు పట్టప్పా" అన్నాడు ఆఫీసరు.

పక్కకు పట్టాడు. యాభై నాలుగు వచ్చింది. "అంతా రూలు ప్రకారమే ఉండాది" అని ఆఫీసరు జీపెక్కాడు. ఎల్లుండి మళ్లీ మందు పెడతామని కాంట్రాక్టరు చాటించాడు.

ఆ సాయంత్రం ఎస్తేరు వాకిట్లో మీటింగు పెట్టుకున్నాం. మీటింగంటే ఏముంది, అరుపులు.

"మిషను అబద్ధమాడదులేప్పా. తిరగబడితే ఉండే పని కూడా పోతాది" అన్నాడు లారీలకు బండలెత్తే సుబ్బన్న.

యూనియన్ జయరాజు లేచాడు. "మిషనుకు పక్షం లేదు సుబ్బన్నా. పట్టుకున్నోడికుండాది."

"అయితే యాడ తప్పు చేసినాడో చూపీ!"

అప్పుడు ఎస్తేరు అత్త పెద్దక్క గొంతు సవరించుకుంది.

"నేను ఇంట్లో నిలబడుకోనుంటి. నా కొంగు మీద ఎర్రచుక్క పడె. సార్లకు అడ్డమైతి కాబోలని పక్కకు జరిగినా."

"ఇంట్లోనా అవ్వా?" అన్నాడు జయరాజు.

"ఇంట్లోనే నాయనా. సార్లొస్తాండారని రెండు తలుపులూ తీసి పెట్టింటిమి కదా."

అందరం లేచి చూశాం. ముందు తలుపు, వెనక తలుపు, ఆ వెనక పెద్ద రాతిగుండు. మూడూ ఒకే వరస. మిషను కొలిచింది ఇంటిని కాదు, ఇంటి వెనక గుండును! దొరలొస్తే తలుపులు బార్లా తీసి, వాకిట నీళ్లు చల్లి, పక్కకు జరిగి నిలబడటం తాతల నాటి నుంచి మాకు ఒంటబట్టిన మర్యాద. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

"మళ్లీ కొలిపించాల" అంది ఎస్తేరు. "ఈసారి తలుపులెయ్యాల. గోడకు సున్నం పుయ్యాల. చుక్క యాడికి జారిపోతాదో చూస్తా."

మరునాడు కాలనీకి కాలనీయే గోడలకు సున్నం పూసింది.

మందు పెట్టే రోజు పొద్దున్నే అందరం క్వారీకి అడ్డం పడ్డాం. పోలీసులొచ్చారు, ఆఫీసరు గొడుగుతో మళ్లీ దిగాడు. జనాన్ని చూసి కొలవక తప్పలేదు. ఎండలో చుక్క కనిపించదు కదా, ఆడవాళ్లు దుప్పట్లు ఎత్తిపట్టి గోడకు నీడ చేశారు. తెల్లటి సున్నం మీద ఎర్రచుక్క వచ్చి కూర్చుంది.

"గోడ మీదుండాది! గోడ మీదుండాది!" అని ఇళ్ల వైపు గట్టు నుంచి కేకలేశారు.

సురేంద్ర మిషను జేబులో పెట్టుకోబోయాడు. సుబ్బన్న వాడి మణికట్టు పట్టుకుని అంకె చూశాడు. "నలభై ఐదు! లంజాకొడుకులు, నలభై ఐదే!" అని గొంతు చించుకున్నాడు. పని పోతుందన్న మనిషి ఇతనేనా అనిపించింది.

కాంట్రాక్టరు నవ్వాడు. "ఆ కొంపకు పట్టా యాడుండాది? పట్టా లేనిది ఇల్లెట్లయితాది? రూలు ఇండ్లకప్పా, గుడిసెలకు కాదు."

ఆఫీసరు నేల చూపులు చూస్తూ తలూపాడు. "మందు పెట్టండ్రా" అన్నాడు కాంట్రాక్టరు.

ఎస్తేరు బిడ్డను చంకనేసుకుని గుంత గట్టు చుట్టి వచ్చింది. మందు కోసం బండలో తొలిచిన బొక్కల దగ్గరికి పోయి, ఒకదాని మీద కూర్చుంది.

"ఇంటికి పట్టా లేదంటివి. మనిషిక్కూడా కావాల్నా? నీ మందుకూ నా బిడ్డకూ ఎంత దూరముండాదో ఇప్పుడు కొలువు!"

ఆమె పక్కన పెద్దక్క కూర్చుంది. జయరాజు కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. బండ కాలుతోంది, అయినా ఎవరూ కదల్లేదు. ఎస్సై లాఠీ ఊపాడు. జయరాజును కొట్టి జీపులోకి తోశారు. బిడ్డతో సహా ఎస్తేరును ఈడ్చుకుపోయారు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు కాలేజీల్లో చట్టం చదువుతున్నారే, ఆ రోజు పాలు తాగే పసిదానికి చట్టం చూపించిన ముఖం ఇది.

ఎస్తేరు కూర్చున్న బొక్క మీద సుబ్బన్న కూర్చున్నాడు. జయరాజు చోటులో ఇద్దరు కూర్చున్నారు. ఫ్యాక్టరీల నుంచి జనం ఇంకా వస్తూనే ఉన్నారు. ఎస్సై రెండో జీపు కోసం కబురు పంపాడు.

సుబ్బన్న చొక్కా విప్పి, బండలు మోసి కాయలు కాసిన వీపు సురేంద్ర వైపు తిప్పాడు.

"ఏమప్పా, నున్నగుంటే వెలుగు జారిపోతాదంటివే. ఈడ అందరి వీపులూ గరుకే. జారదు, కొలువు!"