కోచ్ ఇంటి ముందు అమ్మకపు బోర్డు

పైన్ ఫోర్క్‌లో బాస్కెట్‌బాల్ ఆటలు మార్చితో అయిపోతాయి గానీ, వెండెల్ టాకెట్‌కి అసలు తిప్పలు మొదలయ్యేది ఆ తరవాతే. ఆడుతున్నంతకాలం గెలుపో ఓటమో ఏదో ఒకటి ఆ పూటకి తేలిపోతుంది. ఏప్రిల్లో ఏదీ తేలి చావదు. ఈ ఏడు మరీ ఘోరం. అమెరికాలో కెంటకీ కొండల్లో ఓ మూలనున్న ఆ చిన్న కాలేజీ జట్టు జాతీయ పోటీలకెళ్ళి కొమ్ములు తిరిగిన జట్లని మట్టి కరిపించింది. అక్కడే వచ్చింది చేటు. పెద్ద కాలేజీలవాళ్ళు ముందు మంచి ఆటగాళ్ళని ఇద్దరిని ఎగరేసుకుపోయారు. ఇప్పుడు కోచ్ డార్బీ మీద కన్నేశారు.

బొగ్గు గని మూతపడ్డాక ఆ ఊళ్ళో మిగిలిందేమిటి చెప్పండి? గనిలో పనిచేసిన వెండెల్ ఇప్పుడు బడి బస్సు నడుపుతున్నాడు. పోయిన అన్న ఇల్లు అమ్ముదామంటే అడిగే నాథుడు లేడు. చలికాలం సాయంత్రాలు భార్య ఓపల్ పక్కన కూర్చుని గొంతు పోయేలా అరవడానికి ఆ జట్టొక్కటే ఉంది. డార్బీ పోతే అదీ పోతుంది. "ఆయన గురించి పడే బెంగలో పదో వంతు నా మోకాళ్ళ గురించి పడరాదూ" అని ఓపల్ దెప్పితే వెండెల్‌కి వినపడనే లేదు. అతని కళ్ళు ఫోన్లో ఉన్నాయి.

ఏ విమానం ఎక్కడికి పోతోందో ఆ ఫోన్ చూపిస్తుంది. ఏ ఊరి విమానం ఎక్కడ దిగితే ఏ కోచ్‌కి గాలం వేసినట్టో కూపీ లాగడం అక్కడి అభిమానులందరికీ ఏప్రిల్ నెల పనే. ఆ శనివారం పొద్దున పెద్ద కాలేజీ ఉన్న ఊరి నుంచి ఓ చిన్న విమానం బయల్దేరి నేరుగా పైన్ ఫోర్క్ వైపు వచ్చింది. వెండెల్ కాఫీ అక్కడే వదిలేసి ట్రక్కెక్కాడు.

ఊరి బయట చిన్న విమానాలు దిగే పొలం పక్కన కంచె పట్టుకుని చూశాడు. కోచ్ డార్బీ టై కట్టుకుని, చేతిసంచీతో విమానం మెట్లెక్కుతున్నాడు. ఎక్కుతూ ఇటు తిరిగి వెండెల్‌ని చూసి చెయ్యి ఊపాడు. వెండెల్ చెయ్యి లేవలేదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేస్తూ మళ్ళీ చెయ్యి ఊపడమా అని ఒళ్ళు మండిపోయింది.

ఇంకెవరైనా అయితే ఇంటికెళ్ళి ఏడ్చేవాళ్ళు. వెండెల్ ట్రక్కులోంచే ఊరి రేడియోకి ఫోన్ చేసి, కోచ్ మనల్ని అమ్ముకున్నాడని, తన కళ్ళతో చూశానని చెప్పాడు. తరవాత అన్న ఇంటికెళ్ళి, అక్కడ ఎండకి ఎండి వానకి తడుస్తున్న 'అమ్మబడును' బోర్డు పీకి, తెచ్చి డార్బీ ఇంటి ముందు గడ్డిలో సుత్తితో దిగగొట్టాడు. దిగగొడుతున్నంతసేపూ వెక్కి వెక్కి ఏడ్చాడు, అరవై దాటిన మనిషి.

రేడియో విన్నవాళ్ళు ఊరుకుంటారా? మధ్యాహ్నానికల్లా ఆ ఇంటి ముందు కార్ల హారన్లు, తిట్లు. జట్టు చొక్కాలు తెచ్చి గడ్డిలో పారేశారు. ఎవడో గుడ్లు కూడా విసిరాడు.

సాయంత్రం అదే రేడియో మరో కబురు చెప్పింది. పెద్ద కాలేజీ ఉద్యోగం తనకొద్దని కోచ్ డార్బీ మొహం మీదే చెప్పి వచ్చేశాడట. వెండెల్ ఓపల్‌ని పట్టుకుని గిరగిరా తిప్పాడు. సగం తిరుగుడులో బోర్డు గుర్తొచ్చి ఆమెని వదిలేసి ట్రక్కెక్కాడు.

అతను కోచ్ ఇంటికి వెళ్ళేసరికి జనం లేరు. కోచ్ కూతురు టెస్సా గోడకి అంటిన గుడ్డు సొన కడుగుతోంది. రోజూ వెండెల్ బస్సులో, అతని వెనక సీట్లోనే కూర్చుని బడికెళ్ళే పిల్ల. లోపల్నుంచి కోచ్ ఫోన్లో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది. వెండెల్ పరుగున వెళ్ళి బోర్డు పీకబోయాడు. అది ఊడిరాలేదు, అంత గట్టిగా కొట్టాడు మరి.

"నాన్న వెళ్ళిందే వద్దని చెప్పడానికి" అంది టెస్సా అటు తిరిగే. "ఫోన్లో చెబితే మర్యాదగా ఉండదన్నారు. ఇప్పుడేమో వాళ్ళకే ఫోన్ చేసి, ఆ ఉద్యోగం ఇంకా ఉందా అని అడుగుతున్నారు."

"నువ్వు చెప్పమ్మా, నీ మాట వింటాడు. ఉండిపోమను. నీకు పుణ్యముంటుంది."

"చెప్పాను. నాకు ఇక్కడే ఉండాలనుంది." పిల్ల అప్పుడు అతని వైపు తిరిగింది. "పొద్దున మీ ట్రక్కు చూసి, మీరొచ్చారని తలుపు తీయడానికి కిందికొచ్చాను, వెండెల్ గారూ. తలుపు అద్దంలోంచి అంతా చూశాను. నాన్నకి మాత్రం చెప్పలేదు. మీరని తెలిస్తే ఇంక ఉండరు."

తలుపు తెరుచుకుంది. కోచ్ డార్బీ చెవి దగ్గర ఫోన్‌తో గుమ్మంలోకి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. వెండెల్‌ని చూడగానే అందులోకి కాస్త ప్రాణం వచ్చింది. ఒక్క నిమిషం ఆగమని ఫోన్లో చెప్పి దాన్ని గుండెకి ఆనించుకున్నాడు.

"పోనీ, నువ్వైనా వచ్చావు. ఇది మనవాళ్ళ పని కాదు కదా, వెండెల్? ఎవరో బయటివాళ్ళు వచ్చి రెచ్చగొట్టి ఉంటారు. నువ్వు అవునను, నేను ఫోన్ పెట్టేస్తాను."

ఒక్క మాట. దేవుడు పిలిచి చేతిలో పెట్టినట్టు ఒక్క మాట. 'అవును' అంటే చాలు, వచ్చే చలికాలం, ఓపల్ పక్కన సీటు, ఆ అరుపులు అన్నీ దక్కుతాయి. గోడ దగ్గర టెస్సా తడి గుడ్డ పట్టుకుని అనమన్నట్టే చూస్తోంది. వెండెల్ అందామనే నోరు తెరిచాడు. ఆ పిల్ల మొహం చూస్తూ అనలేకపోయాడు.

"నేనే కోచ్. బోర్డు పాతింది నేనే. రేడియోలో చెప్పిందీ నేనే."

డార్బీ అతన్ని ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆ, లైన్లోనే ఉన్నానండీ. సోమవారానికల్లా వచ్చేస్తాం."

టెస్సా గుడ్డ బకెట్లో పడేసి, వెండెల్‌ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది.