మోకు పట్టినవాళ్ళు

అబ్బులు కాలు పోయింది పట్టపగలు, అందరి కళ్ళముందే. ఓడని లాగుతున్న టగ్గు మీద లావుపాటి నైలాన్ మోకు ఫట్‌మని తెగి, వెనక్కి కొట్టి, అతని మోకాలి కింద ఎముకని నుగ్గునుగ్గు చేసింది. కొత్త మోకు కావాలని టగ్గువాళ్ళు ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నారు. కాంట్రాక్టరు జగ్గారావు తెగినచోట అతుకు వేయించి, మళ్ళీ పనిలోకి దిగమన్నాడు. కాదన్నవాళ్ళని ఆ పూటే గెంటేశాడు.

అతనికేం, మనుషులకు కొదవా? అది ఎనభై ఆరో సంవత్సరం. ఎక్కడో చమురు ధర పడిపోయిందట, సముద్రంలో చమురు తవ్వేచోటికి సరుకు మోసే సప్లై బోట్లన్నీ ఇక్కడి హార్బరులో లంగరేసి కూర్చున్నాయి. ధర పెరిగిన రోజుల్లో ఆ బోట్ల మీద పనిచేసే యేసుదానం ఇంటికి ఎవడూ వచ్చి లాభం పంచిపెట్టలేదు. పడిపోయాక మాత్రం మొట్టమొదట అతన్నే బోటు దింపేశారు. పని కోసం రోజూ హార్బరు గేటు దగ్గర నిలబడి, రోజూ తిట్టుకుంటూ ఇంటికి పోయేవాడు. జగ్గారావు "టగ్గెక్కుతావా?" అంటే తలూపాడు.

"అది ఎల్లాజీ అన్నయ్య పని కాదేటి?" అంది భార్య దీవెనమ్మ. పక్కింటి ఎల్లాజీ గెంటేసిన వాళ్ళలో ఒకడు.

పొద్దున్న గేటు దగ్గర ఎల్లాజీ అడ్డం నిలబడ్డాడు.

"ఏటి బావా, నా కూడు నీ కంచంలో ఏసుకుంతన్నావా?"

"మరేటి సెయ్యమంతావ్? నా పిల్లలు గాలి తిని బతకాలా? మా బోట్లు ఆగిపోయినప్పుడు మీ టగ్గోళ్ళు ఒక్కడైనా ఏటని అడిగినాడా?"

"అబ్బులు కాలు పోతే మీ బోటోళ్ళు అడిగినారా?"

ఇద్దరి మాటా నిజమే. ఆ రెండు నిజాల మీదే జగ్గారావు మేడ కట్టుకున్నాడు.

యేసుదానం తోసుకుని పోయి టగ్గెక్కాడు. అతనిలాగే బోటు పని పోయిన మరో ముగ్గురూ ఎక్కారు. మోకు చేతికి తగిలింది. అతుకు దగ్గర నల్లగా ఎండిన మరక. అబ్బులుది.

"ఇది మార్సండి, బాబూ," అన్నాడు గట్టు మీదున్న జగ్గారావుతో.

"నచ్చకపోతే దిగు. గేటు దగ్గర నీలాంటివాళ్ళు బోలెడుమంది."

ఎల్లాజీకీ ఈ మాటే చెప్పి ఉంటాడు. యేసుదానానికి ఒళ్ళు మండిపోయింది. "దిగుతాం. దీన్నీ దింపుతాం. పోర్టు ఆపీసరు కళ్ళారా సూడాలి దీన్ని!"

నలుగురూ కలిసి మోకుని గట్టు మీదకి ఈడ్చారు. అంతే, ఇక కదల్లేదు.

"ఎల్లాజీ బావా! మోయలేకపోతన్నాం, రా!" అని యేసుదానం గేటు వైపు కేకేశాడు.

ఎల్లాజీ తుపుక్కున ఉమ్మేసి, లుంగీ ఎగ్గట్టి వచ్చాడు. వెనకే పని పోయిన టగ్గువాళ్ళందరూ వచ్చారు. వరసగా మోకుని భుజాలకెత్తుకుని పోర్టు ఆఫీసు దారి పట్టారు.

హార్బరు గేటు దగ్గర పోలీసులు ఆపారు. "ఎవడ్రా నాయకుడు?"

"మోకు పట్టుకున్నోళ్ళందరం!"

ముందున్న యేసుదానం మీద లాఠీలు పడ్డాయి. అతన్ని వ్యానులోకి ఈడ్చుకుపోయారు. అతనున్నచోట మోకు నేలకి జారింది. మొగుడికి అన్నం క్యారేజీ తెచ్చిన దీవెనమ్మ, దాన్ని పక్కన పెట్టి, అక్కడ తన భుజం పెట్టింది.

"నువ్వొద్దు సెల్లీ," అన్నాడు ఎల్లాజీ.

"ఏటి వద్దు? నడవండి!"

పని కోసం పడిగాపులు పడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మోకు కింద దూరారు. ఆ పూట టగ్గెక్కించడానికి జగ్గారావుకి గేటు దగ్గర ఒక్క మనిషి దొరకలేదు.