తుమ్మెదకొండ నిత్యార్చన చందా

హేమంతము తన హిమధవళకంబళమును రేపల్లె వీథులపై నిండుగాఁ గప్పి యింకఁ దీయనని మొండికెత్తిన మార్గశిరమాసపు వేకువ యది. ఎదుటియింటి యరుగు కానరాదు. ఆ యరుగుపై నెవరో దగ్గిన దగ్గు మాత్రము తెరచాటునుండి వచ్చినట్లు వినవచ్చుచుండెను. అట్టి మంచు చూచువారికి ముత్యాలసరమై తోఁచునేమో కాని కిరాణావర్తకుఁడగు కొత్తమాసు కనకలింగమున కది పగవాఁడు. ఏలయనఁగా నది వాకిట నాఁగక కిటికీసందులగుండ లోనికిఁ జొరఁబడి యాతని యేడేండ్ల కూఁతురు విశాలాక్షి ఱొమ్ములోఁ దిష్ఠవేసి రేయింబవళ్లు పిల్లివలెఁ గూయుచుండెను. ఉబ్బసవ్యాధి యా పసికందును మూఁడవయేటనే పట్టుకొనియుండెను.

తొలిసారి బిడ్డ యూపిరాడక నీలివడి దైవకృపచేత మరల తేఱుకొన్ననాఁడు కనకలింగము భార్య కన్యకమ్మ తూర్పుకనుమల యంచునఁ దుమ్మెదకొండపై వెలసిన యభయాంబికకు మ్రొక్కుకొనెను. ఆ మ్రొక్కు దేవికి వినఁబడెనో లేదో కాని యభయాంబికా నిత్యార్చన సంఘపు ప్రతినిధి చామర్తి శేషశాయికి మాత్రము మఱునాఁడే వినఁబడెను. నెలనెల చందా చెల్లించినచో ననుదినము సూర్యోదయవేళ దేవిసన్నిధిని బిడ్డ గోత్రనామములు చదివి యర్చన సేయింతుమనియు నెలకొక కుంకుమపొట్లము తెచ్చి యిత్తుమనియు నాతఁడు నమ్మఁబలికెను. తూనికలో నావగింజంత తేడా వచ్చినను బస్తాను వెనుకకుఁ బంపు కనకలింగము నాలుగేండ్లుగా నీ యొక్క సరకును మాత్రము తూఁచకయే కొనుచు వచ్చెను.

ఈ చలికాలమున వైద్యుఁడు చెన్నపట్టణమునుండి తెప్పింపవలసిన మందొకటి వ్రాసి యిచ్చి వసంతము వచ్చువఱకు నెడతెగక వాడవలయునని శాసించెను. మందును చందాయు రెండును భరించుటకు దుకాణపు రాబడి చాలదు. ఒకటి మానవలయును. ఏది మానవలయునో తేలక కనకలింగము సతమతమగుచుండఁగా నెలనెల వాడుకగా శేషశాయి వచ్చి గుమ్మమున నిలిచెను.

"శెట్టిగారూ, అమ్మాయి ఆయాసం సంగతి విన్నాను. మామూలు అర్చన ఈ చలికి చాలదండీ. విశేషార్చనలోకి మారండి. చందా కాస్త ఎక్కువవుతుంది, అంతే."

"మారే మాట అటుంచండి పంతులుగారూ. ఈ నెలతో ఆపేద్దామనుకుంటున్నాను. మందు కొనాలి."

"ఆపటమా!" శేషశాయి చెవులు మూసికొనెను. "మీ ఇష్టం, నాదేం పోయింది? కిందటేడు పక్కూళ్ళో ఒకాయన ఇలాగే మధ్యలో ఆపాడు. పదిరోజులు తిరగలేదు, పాపం..."

అని వాక్యమును ముగింపక నిట్టూర్చెను. ఆ ముగింపని వాక్యమే యా సంఘమునకు మూలధనము. గడపగడపకు నట్టి వాక్యము నొక్కొక్కటి విడిచిపోయి నెలనెల దానిపై వడ్డీ వసూలు సేసికొనువా రా పుణ్యాత్ములు.

తలుపుచాటునుండి కన్యకమ్మ గొంతు కస్సుమనెను.

"ఏమండీ, పిల్ల ఊపిరి మీద బేరాలా? ఇది మీ కొట్టు కాదు!"

"బేరం పెట్టింది నేనటే?"

"నా మెళ్ళో గొలుసు అమ్మి మందు తెండి. అర్చన ఆపారంటే మాత్రం ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టను."

కనకలింగము నిష్ఠగల గృహస్థుఁడు. దేవిపై నాతని కించుకయు సందేహము లేదు. కాని తల్లిపేరు చెప్పి తల్లిని బెదరించు నీ మనుష్యుని మాట యాతనికి సహింపరానిదయ్యెను. పండ్లు బిగఁబట్టి మెల్లగాఁ బలికెను.

"చందా నేనే కొండకు తెచ్చి కడతాను. శుక్రవారం అర్చన కళ్ళారా చూసుకుంటాను."

"ఇంత చలిలో మీకెందుకండీ శ్రమ!"

"నాలుగేళ్ళబట్టి నా తరఫున మీరు పడుతున్నారుగా. ఒక్కసారి నన్ను పడనివ్వండి."

గురువారమునాఁడే బయలుదేఱి ధూమశకటమును దిగి యెడ్లబండి నెక్కి యది నడువలేని చోటఁ దాను నడిచి కనకలింగము మఱునాఁటి ప్రాతఃకాలమునకుఁ దుమ్మెదకొండ శిఖరము చేరెను. మంచుతడిసిన గోపురమును బాలసూర్యకిరణములు పసుపుపూసినట్లు వెలిఁగించుచుండెను. గర్భాలయమున నేతిదీపకాంతిలో నభయహస్తముతో నగుమొగముతో నిలిచిన యా జగజ్జననిని జూడఁగనే యాతని కనులు చెమ్మగిల్లెను. వృద్ధార్చకుఁడు మల్లయావధానులు సంకల్పము నారంభించెను. మునికులగోత్రోద్భవాయాః విశాలాక్షీనామధేయాయాః అను మాటకై కనకలింగము సర్వేంద్రియములను జెవులలో నిలిపికొని వేచియుండెను.

"నానాగోత్రోద్భవానాం నానానామధేయానాం సకుటుంబానాం క్షేమస్థైర్యాభివృద్ధ్యర్థం..."

అంతియే. ఒక్క యూపిరిలో సంకల్పము ముగిసెను. ఏ యింటి పేరును లేదు, ఏ బిడ్డ పేరును లేదు. పూవు లొక గుప్పెఁడు దేవిపాదములపైఁ బడెను, గంట మ్రోఁగెను, హారతి వెలిఁగెను. ఆ హారతిని కనులకద్దుకొనుటకుఁ జాచిన చేతులను వెనుకకుఁ దీసికొని కనకలింగము కోపముతో నడిగెను.

"స్వామీ, మా అమ్మాయి పేరు చదవలేదే?"

"ఏ అమ్మాయి నాయనా?"

"విశాలాక్షి. నాలుగేళ్ళనుంచి సంఘానికి చందా కడుతున్నాం. రోజూ పేరు చదువుతారని చెప్పారు."

వృద్ధుఁడు వెఱఁగుపడి చూచి నవ్వెను. ఆ నవ్వులో జాలియు విసుగును గలసియుండెను.

"వాళ్ళు నాకిచ్చేది రోజుకో అర్చన సంభావన. పేర్లు ఏనాడూ పంపలేదు. ఊళ్ళకూళ్ళే కడుతున్నారుట కదా, అన్నీ చదివితే మధ్యాహ్నందాకా అమ్మవారికి నైవేద్యం దక్కుతుందా?"

"మరి మా పిల్ల సంగతి?"

"నానానామధేయానాం అన్నానుగా. అందులో మీ పిల్లా ఉంది."

కనకలింగము గొంతు పైకి లేచెను. గుడిలో నట్లు గొంతెత్తుట యాతని జన్మమునఁ దొలిసారి.

"అందులో చందా కట్టనివాడు లేడా?"

"ఎందుకు లేడూ? వాడూ ఉన్నాడు. మీ చందా మింగినవాడు కూడా ఉన్నాడు. అమ్మకు ఒక్కొక్కరి పేరూ ఒకరు విప్పి చెప్పాలా?"

"చెప్పక్కర్లేకపోతే నేను నాలుగేళ్ళు దేనికి కట్టినట్టు?"

"అది పుచ్చుకున్నవాణ్ణి అడుగు నాయనా. పోనీ, ఇప్పుడు చదువుతాను, దక్షిణ కూడా వద్దు. గోత్రం చెప్పు, నక్షత్రం చెప్పు."

గోత్రము చెప్పెను. నక్షత్రమునకు వచ్చునప్పటికి నాలుక తడఁబడెను. మృగశిరయో పునర్వసువో యాతనికి జ్ఞప్తికి రాలేదు. ఆ లెక్క లన్నియు సంఘమువారు చూచుకొందురని యొప్పగించి తాను మఱచియుండెను. అంతవఱకు శేషశాయిపై మండుచున్న క్రోధాగ్ని యొక్కసారి వెనుదిరిగి యాతని ముఖమునే కాల్చెను.

"ఆయాసపడుతున్న పిల్ల అని చెప్పండి స్వామీ," అని మాత్ర మనెను.

ఇంటికి వచ్చి జరిగిన దంతయు దాఁచక చెప్పెను. కన్యకమ్మ బిడ్డ ఱొమ్మునఁ గర్పూరతైలము రుద్దుచు వినుచుండెను. ఆమె యేడ్చునని కనకలింగ మనుకొనెను. ఏడువలేదు. రుద్దుచున్న చేయి నిలిచిపోయెను.

"ఒక్కనాడైనా చదవలేదా?"

"ఒక్కనాడూ లేదే."

"పొద్దు పొడిచే వేళకు రోజూ చేతిలో పని ఆపి దణ్ణం పెట్టుకునేదాన్నండీ. ఇప్పుడక్కడ దాని పేరు పిలుస్తున్నారు అనుకుని."

అటుపిమ్మట నామె తైలపుబుడ్డికి మూఁత బిగించి బిడ్డకు దుప్పటి కప్పెను. 

చందాసొమ్ము మందునకుఁ బోయి నెల తిరిగెను. మంచు తగ్గలేదు. శేషశాయి కుంకుమపొట్లముతోఁ బ్రత్యక్షమై కనకలింగము చెప్పినదంతయుఁ జెక్కుచెదరక విని తల పంకించెను.

"ముసలాయనకు చెవుడు, మతిమరుపూనూ. ఆయన మాట పట్టుకుని మధ్యలో ఆపకండి శెట్టిగారూ. అమ్మవారు ఆగ్రహిస్తే..."

ఆ క్షణముననే లోపల బిడ్డకు దగ్గుతెర వచ్చెను. ఊపిరి చిక్కుకొనెను. ఈలవంటి యా ధ్వని నిలిచి యిల్లంతయు నిశ్శబ్దమయ్యెను. కొండపై నంత గట్టిగాఁ బ్రశ్నించిన కనకలింగము చేయి తన ప్రమేయము లేకయే రొండిన దోఁపిన సంచివైపుఁ బోయెను. భయమునకుఁ దర్కము తెలియదు. శేషశాయి కనులు మాత్ర మా చేతిని దప్పక చూచుచుండెను.

లోపల బిడ్డ మరల నూపిరి పీల్చెను. మందుచెంచాతోఁ గన్యకమ్మ వాకిటికి వచ్చెను.

"ఆ మాట పూర్తిచెయ్యండి పంతులుగారూ. అమ్మవారు ఆగ్రహిస్తే ఏం చేస్తుంది?"

"అది... అమ్మా, పెద్దల మాట..."

"చెప్పండి! ఊపిరాడని పసిపిల్ల గొంతు ఇంకాస్త నొక్కుతుందా? అంత పని చేసే తల్లయితే ఆవిడ కుంకుమ నేనెందుకు పెట్టుకోవాలి? చెయ్యదంటారా, మరి మీకు డబ్బెందుకివ్వాలి?"

 కనకలింగము చేయి సంచినుండి తొలఁగెను. ప్రతినిధి యుత్తరీయమును సవరించుకొని యవమానమును మింగి యలవాటు చొప్పునఁ బ్రక్కయింటి మెట్లవైపు నడచెను. ఆ యింటను చందా గలదు. ఆ యింట నడుము పడిపోయిన కొడుకు గలఁడు.

వీథిలో నెన్నఁడును గొంతు వినిపింపని కన్యకమ్మ మెట్లు దిగి మంచులోనికి వచ్చి నిలిచెను.

"తాయారమ్మొదినా! తలుపు తీసినా డబ్బివ్వకు! అక్కడ మీవాడి పేరూ చదవటంలేదు, మా దాని పేరూ చదవటంలేదు! ఎవరి పేరూ చదవటంలేదు!"

ఆ కేక మంచును జీల్చుకొని వీథి కొసవఱకుఁ బోయెను. కానరాని యిండ్ల తలుపు లొకటొకటిగాఁ గిఱ్ఱుమనెను. "ఏమిటి?" "ఎవరు చెప్పారు?" "మా అత్తగారి పేరు కూడానా?" అని తెల్లని పొగలోనుండి గొంతులు లేచెను. ఏ గడప నెక్కుటకును దోఁపక శేషశాయి కుంకుమపొట్లములసంచిని ఱొమ్మున కదుముకొని నడివీథిని నిలువఁబడియుండఁగా నా గొంతు లన్నివైపులనుండియు దగ్గఱకు రాసాగెను. కన్యకమ్మ వెనుదిరిగి చూడక లోనికిఁ బోయి బిడ్డను లేపి కూర్చుండఁబెట్టి మందు త్రాగించి వీఁపు నిమురుచుఁ దన నోటితోఁ దానే యా గోత్రమును నా నక్షత్రమును నా పేరును జెప్పి యభయాంబికను బిలిచెను.