పొయ్యి వెనక మూడు దెబ్బలు

మేవిస్ ఇంటి గోడపొయ్యిలో నిప్పు పడి ఇరవయ్యేళ్లు దాటింది. బొగ్గు మానేసి గ్యాసు పెట్టించుకున్నాక ఆ పొయ్యి చేసిన పనల్లా ఇంట్లో పుట్టిన కాస్త వేడినీ పొగగొట్టంలోంచి పైకి సాగనంపడం, బదులుగా యార్క్‌షైర్ కొండగాలిని తెచ్చి ఆవిడ కాళ్ల మీద పొయ్యడం. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి. ఈ చలికాలం నెమ్ము చేసి రెండు వారాలు ఆస్పత్రిలో పడుకుని వచ్చింది. ఇంకోసారి ఇలా అయితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ మాట విని ఆవిడ అక్క కొడుకు నీల్, గోడలకు పూత పూసే పనివాడు, మంగళవారం పొద్దున్నే బస్తాలూ చెక్కలూ వేసుకుని దిగాడు.

పొయ్యిలో తల దూర్చి, టార్చిలైటు పైకి కొట్టి చూసి, జుట్టునిండా మసితో బయటికొచ్చాడు.

"పిన్నీ, ఇది పొయ్యి కాదు, కిటికీ. అదీ చలికాలమంతా బార్లా తీసిపెట్టిన కిటికీ."

"మీ బాబాయి ఉన్న రోజుల్లో ఇందులో మంట చూడాల్సింది నువ్వు."

"బాబాయి పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు మంట లేదు, గాలే ఉంది. ముయ్యమంటావా, తలగడ పట్టుకుని ఆస్పత్రికే పోతావా?"

మేవిస్ పొయ్యి వెనక గోడ వైపు చూసింది. ఆవిడ ఆలోచించాల్సింది చలి ఒక్కటే కాదు, గోడ అవతల పక్కింటి హిల్డా కూడా ఉంది.

స్లేటర్ వీధిలో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి అంటుకునే ఉంటాయి. మేవిస్ పొయ్యికీ హిల్డా పొయ్యికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. పక్కింటావిడతో పనిపడితే లేచి వెళ్లక్కర్లేదు. నిప్పు ఎగదోసే ఊచతో పొయ్యి వెనక గోడ మీద కొడితే చాలు. ఆ వీధి ఆడవాళ్లందరికీ ఒకప్పుడు అదే టెలిఫోను. ఒక్కో ఇంట్లో పొయ్యి మూతపడుతూ వచ్చాక ఈ ఇద్దరే మిగిలారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి హిల్డా మూడు దెబ్బలు కొడుతుంది, బతికే ఉన్నానని. మేవిస్ తిరిగి మూడు కొడుతుంది, నేనూ ఉన్నానని.

వాళ్ల మధ్య ఉన్న మాటలు అవే. నోటి మాట పోయి తొమ్మిదేళ్లయింది. మేవిస్ మొగుడు క్లిఫర్డ్‌ని పూడ్చి వచ్చిన రోజు, వచ్చినవాళ్లకి టీ, రొట్టె, హామ్ అనే పందిమాంసం ముక్కలు పెట్టారు. పోయినవాడి మీద ఇంటివాళ్లకి ఎంత గౌరవమో హామ్ ముక్క మందాన్ని బట్టి తేల్చే ఊరు అది. హిల్డా తన ముక్కని ఫోర్కుతో ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టి, "మేవిస్, ఇందులోంచి ఫాదరు గారు కనబడుతున్నారే!" అంది. అందరూ నవ్వారు. ఆవిడకి ఎగతాళి పుట్టుకతో వచ్చిన జబ్బు, క్లిఫర్డ్ బతికుంటే అందరికంటే గట్టిగా నవ్వేవాడు. కానీ ఆ రోజు మేవిస్ నవ్వలేకపోయింది. ఆ తర్వాత దుకాణంలో ఎదురుపడితే ఒకరు ముల్లంగి దుంపలు చూసేవారు, ఒకరు సబ్బులు చూసేవారు.

నెల క్రితం, మేవిస్ మంచం మీంచి లేవలేని పొద్దున, గోడ మీద దెబ్బలకి జవాబు లేకపోతే అంబులెన్సుకి ఫోను చేసింది హిల్డానే. ఆ సంగతి మేవిస్‌కి ఆస్పత్రిలో తెలిసింది. ప్రాణం నిలబెట్టిందన్న కృతజ్ఞత ఒక పూట ఉంది. "ఫోను చెయ్యడానికి చెయ్యి వచ్చింది, చూడ్డానికి రావడానికి కాళ్లు రాలేదా?" అన్న ఉక్రోషం మాత్రం రెండు వారాలూ ఉంది.

"పిన్నీ! ముయ్యనా, వద్దా?"

"ముయ్యి."

"పక్కావిడకి చెప్పి రానా? గోడకి డ్రిల్లు పెడతాను. ఆవిడ వైపు మసి రాలచ్చు."

"నేను చెప్తాలే. నువ్వు పని చూసుకో."

చెబుదామనే అనుకుంది. ఒక అట్ట ముక్క మీద రాసింది కూడా: పొయ్యి మూయించాను, రేపటినుంచి కొట్టను, చావలేదు, మేవిస్. కోటు తొడుక్కుని గడప దాకా వెళ్లింది. అక్కడ పంతం అడ్డొచ్చింది. ప్రతిసారీ నేనే ఎందుకు? రేపు జవాబు రాకపోతే ఆవిడకే తెలుస్తుంది. కంగారు పడనీ. ఈసారి ఫోనుతో సరిపెట్టకుండా తనే నడిచి రానీ. వస్తే లోపలికి పిలుస్తాను, టీ పోస్తాను, హామ్ ఊసు ఎత్తను. ఇన్నేళ్లకి ఒక దారి దొరికిందని మేవిస్‌కి లోపల్లోపల సంతోషం కూడా కలిగింది. అట్ట ముక్కని నాలుగు చేసి చెత్తబుట్టలో వేసింది.

నీల్ పని తెలిసినవాడు. గొట్టంలోంచి కాకులు పేర్చిన పుల్లలు రెండు బస్తాలు లాగాడు. గొట్టం మెడలో గొర్రె ఉన్ని దట్టంగా కూరాడు. పొయ్యి గూడు నిండా మందపాటి పలకలు పెట్టి, పైన బోర్డు బిగించి, అంచులు పూత పూశాడు. గోడ చెమ్మగిల్లకుండా కింద చిన్న జాలీ ఒకటి వదిలాడు. సాయంత్రానికి గది వెచ్చబడింది. మేవిస్ ఆ ఇంట్లో స్వెటరు విప్పి కూర్చోవడం ఎన్నాళ్లకో. యాభై ఏళ్లుగా పొయ్యిలో ఈల వేస్తున్న గాలి ఒక్కసారి నోరు మూసుకుంది.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి దెబ్బలు వినబడ్డాయి. ఉన్నిలోంచి, పలకల్లోంచి, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు మూడు. మేవిస్ కుర్చీలో కదలకుండా కూర్చుంది. అయిదు నిమిషాలకి మళ్లీ మూడు. తర్వాత ఆరో ఏడో, గబగబా. తర్వాత లెక్క లేదు. గోడ మీద చేతులతో బాదితే అవతలికి చేరుతుందని మేవిస్‌కి తెలుసు. చెయ్యెత్తింది కూడా. "రానీ," అనుకుని దించేసింది.

అటువైపు దెబ్బలు ఆగిపోయాయి. బయల్దేరిందన్న మాట.

మేవిస్ లేచి కెటిల్ పెట్టింది. పెళ్లినాటి కప్పులు రెండు తీసి తుడిచింది. బన్ను రెండు ముక్కలుగా కోసి కాల్చి, వెన్న రాసి, వెచ్చగా ఉండాలని పైన పళ్లెం బోర్లించింది. ఆ వీధిలో ఎవరూ ముందు తలుపు కొట్టరు. వెనక సందులోంచి వచ్చి వంటింటి తలుపే కొడతారు. అందుకని వంటింట్లోనే కూర్చుని, తలుపు తియ్యగానే అనాల్సిన మాట సిద్ధం చేసుకుంది. పావుగంటయింది. అరగంటయింది. కెటిల్ చల్లారింది. తొమ్మిదిన్నరకి కోపం తన్నుకొచ్చింది. గడప దాటలేదన్న మాట మహాతల్లి. మళ్లీ ఫోనే చేసి ఉంటుంది. అంబులెన్సు వాళ్లొస్తే "నేను బానే ఉన్నాను, ఆవిడకే పిచ్చి" అని పంపించేస్తాను అనుకుంది.

పది కావస్తుండగా వెనక తలుపు దబదబా మోగింది. మేవిస్ జుట్టు సర్దుకుంది. తలుపు తియ్యకముందే, అనాలనుకున్న మాట అనేసింది.

"వచ్చావుటే? పక్కింటికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట!"

తలుపు తీస్తే ఎదురుగా చెత్తబండి అతను.

"అమ్మా, దుప్పట్లున్నాయా? తొందరగా! సందులో పక్కావిడ పడిపోయి ఉంది."

హిల్డా తన వెనక గేటు మెట్ల కింద, మంచు గడ్డకట్టిన రాళ్ల మీద పక్కకి ఒరిగి ఉంది. నైట్‌గౌను మీద కోటు వేసుకుంది. ఒక కాలికే చెప్పు ఉంది, రెండో కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. పిడికిట్లో తాళంచెవి. అది మేవిస్ ఇంటి తాళంచెవే; క్లిఫర్డ్ ఎప్పుడో వాళ్లింట్లో దాచమని ఇచ్చింది. రెండు గేట్ల మధ్య ఆరడుగులు కూడా లేదు.

మేవిస్ రాళ్ల మీద మోకాళ్లు ఆనించి కూర్చుని దుప్పటి కప్పింది. హిల్డా పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్లు తెరిచింది.

"బతికే ఉన్నావా?" అంది. "చచ్చావనుకున్నాను కదే."

"మాట్లాడకు. అంబులెన్సు వస్తోంది."

"పోయినసారి ఫోను చేసి ఊరుకున్నాను. రాలేదని నువ్వు ఏడ్చి ఉంటావు. అందుకని..." ఊపిరి అందక ఆగింది. "చాలా అరిచాను. ఒక్కళ్లూ రాలేదు."

చెత్తబండి అతను మేవిస్ వైపు చూశాడు. "మీకు వినపడలేదామ్మా? గోడ పక్కనే కదా."

వినపడలేదు. అది నిజమే. నీల్ ఆ ఇంట్లో ఒక్క సందు వదల్లేదు, తలుపు అంచులకి కూడా రబ్బరు పట్టీలు వేసి వెళ్లాడు. అంతకు ముందు దెబ్బలు మాత్రం వినపడ్డాయి, మొదటి మూడు దగ్గర్నుంచి చివరి దాకా. ఇప్పుడు చెప్పాలి, ఈ క్షణంలోనే చెప్పాలి అనుకుంది మేవిస్. హిల్డా భుజాల చుట్టూ దుప్పటి సర్దింది.

హిల్డా చెయ్యి దుప్పటి కింద వెతుక్కుంటూ వచ్చి ఆవిడ వేళ్లు పట్టుకుంది. ఇనుము ముట్టుకున్నట్టుంది.

"నువ్వు కొట్టే ఉంటావు. నాకే వినపడి ఉండదు. చెవులు పోయాయే, మేవిస్. ముసలిదాన్నయిపోయాను."

సందు చివర అంబులెన్సు మలుపు తిరిగింది. చెత్తబండి అతను దానికెదురుగా పరుగెత్తాడు. ఇద్దరే మిగిలారు. హిల్డా ఆవిడ మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"కొట్టాను," అంది మేవిస్. "మూడు సార్లు కొట్టాను."

"అదే అనుకున్నా," అని హిల్డా కళ్లు మూసుకుంది. ఆస్పత్రికి చేరేలోపే పోయింది.